ముక్కు దిబ్బడ వేసిందని వెనక్కి పంపిన డైవింగ్ కేంద్రం: హావ్‌లాక్ అనుభవం

విశాఖపట్నంలో పుట్టి పెరిగిన నాకు నలభై ఎనిమిదేళ్లు వచ్చినా ఈత రాదు. ఈ మాట చెబితే సముద్రం లేని ఊళ్ల స్నేహితులు నవ్వుతారు గానీ, మా సముద్రం సంగతి తెలిసినవారు నవ్వరు. ఆర్కే బీచ్‌లో కాళ్ల కింది ఇసుకను అల ఎలా లాగేస్తుందో చూసినవాళ్లకు, పండగ మర్నాడు పేపరులో గల్లంతు వార్తలు చదువుతూ పెరిగినవాళ్లకు సముద్రమంటే గట్టు మీద కూర్చుని మురీ మిక్చర్ తింటూ చూసేదే తప్ప దిగేది కాదు. అటువంటి నేను గత ఫిబ్రవరిలో అండమాన్‌లోని హావ్‌లాక్ దీవిలో తొమ్మిది మీటర్ల లోతుకు దిగి, అక్కడ కాసేపు ఉండి, క్షేమంగా పైకి వచ్చాను. దింపినవారు మా పట్ల ఎలా వ్యవహరించారు, తీసుకున్న డబ్బుకు తగిన పని చేశారా, నా వంటి ఈత రానివారు వెళ్లవచ్చా అన్నవి చెప్పడానికే ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందు పేర్ల సంగతి. హావ్‌లాక్‌కు 2018 డిసెంబరులో స్వరాజ్ ద్వీప్ అనీ, పక్కనున్న నీల్‌కు షహీద్ ద్వీప్ అనీ పేర్లు మార్చారు. పోర్ట్ బ్లెయిర్ 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయింది. అయినా జెట్టీలో కూలీ దగ్గర నుంచి హోటల్ యజమాని దాకా అందరూ పాత పేర్లే వాడుతున్నారు కనుక నేనూ వాటినే వాడుతున్నాను. ఇక డైవింగ్ కేంద్రం పేరు రాయడం లేదు. ఆ దీవిలో ఇటువంటి కేంద్రాలు చాలా ఉన్నాయి, వాటిలో పనిచేసే శిక్షకులు సీజన్‌కు ఒకచోటికి మారిపోతుంటారు. ఈ ఏడాది మమ్మల్ని జాగ్రత్తగా దింపినతను వచ్చే ఏడాది అక్కడే ఉంటాడన్న హామీ లేదు. కాబట్టి బోర్డు మీది పేరు చూసి వెళ్లడం కన్నా, మంచి కేంద్రం మనతో ఎలా నడుచుకుంటుందో తెలుసుకుని వెళ్లడమే మేలని నా అభిప్రాయం.

వెళ్లింది మేము నలుగురం: నేను, మా ఆవిడ, డిగ్రీ చదువుతున్న మా అబ్బాయి, మా బావమరిది. విశాఖ రేవు నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ఓడ ఉన్నా, అది ఎప్పుడో ఒకసారి బయలుదేరుతుంది, పైగా రెండు రోజులకు మించిన ప్రయాణం. అందుకని చెన్నై మీదుగా విమానంలో వెళ్లాం. పోర్ట్ బ్లెయిర్ నుంచి హావ్‌లాక్ సముద్రం మీద దాదాపు నలభై కిలోమీటర్లు. ప్రైవేటు ఫెర్రీలో గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో మా బావమరిది మీద ఏసీ గాలి నేరుగా కొట్టడంతో దిగేసరికి ముక్కు దిబ్బడ వేసింది. ఈ చిన్న విషయమే తర్వాత మాకు ఆ కేంద్రం విలువను తెలియజేసింది.

అనుభవం లేనివారి కోసం చేయించే ఒక్క డైవ్‌కు మనిషికి 4,500 రూపాయలు తీసుకున్నారు. ఉదయం ఆరున్నరకు రమ్మన్నారు. అండమాన్ మనకు బాగా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే కాబట్టి అయిదు దాటితే తెల్లవారిపోతుంది, సాయంత్రం అయిదున్నరకే చీకటి కమ్ముకొస్తుంది. అందుకే అక్కడి పనులన్నీ పొద్దున్నే మొదలవుతాయి. వెళ్లగానే రెండు పేజీల ఫారం చేతికిచ్చారు. ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, చెవి ఆపరేషను, గర్భం, మధుమేహం, వాడుతున్న మందులు అన్నీ అడిగారు. మన అలవాటు ప్రకారం అన్నిటికీ 'లేదు' అని టిక్కులు కొట్టి ఇచ్చేశాం. శిక్షకుడు ఆ కాగితాలు బల్ల సొరుగులో పడేస్తాడని అనుకున్నాను. అతను కూర్చుని ఒక్కొక్కటీ చదివి, మా బావమరిది గొంతు వినగానే తలెత్తి, "సార్, మీకు జలుబు ఉందా?" అని అడిగాడు. "కొంచెం" అన్నాడు మావాడు. ముక్కు మూసుకుని మెల్లగా చెవుల్లోకి గాలి వదలమన్నాడు. కుడి చెవి తెరుచుకుంది, ఎడమది తెరుచుకోలేదు. "ఇవాళ మీరు దిగవద్దు. డబ్బు కావాలంటే ఇప్పుడే ఇచ్చేస్తాం, లేదా ఎల్లుండి రండి, మళ్లీ చూద్దాం" అన్నాడు. మావాడు చాలా చిన్నబుచ్చుకున్నాడు. నాకు మాత్రం అప్పుడే ఆ కేంద్రం మీద నమ్మకం కలిగింది.

కారణం తెలుసుకుంటే ఆ నిర్ణయం ఎంత సరైనదో అర్థమవుతుంది. సముద్రంలో ప్రతి పది మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం అదనంగా మీద పడుతుంది. అంటే పది మీటర్ల దగ్గర మన మీద ఉండే ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు. కర్ణభేరి వెనుక ఉన్న గాలి ఆ ఒత్తిడికి కుంచించుకుపోతుంది, దాంతో కర్ణభేరి లోపలికి లాగినట్టవుతుంది. గొంతు నుంచి చెవికి వెళ్లే సన్నని గొట్టం గుండా మనం గాలి పంపి రెండు వైపులా సమం చేసుకుంటూ ఉండాలి. జలుబు చేసినప్పుడు ఆ గొట్టం వాచి మూసుకుపోతుంది. మొండిగా దిగితే కర్ణభేరి చిరిగే ప్రమాదం ఉంది. ఇది తెలియని శిక్షకుడంటూ ఉండడు గానీ, తెలిసీ 4,500 రూపాయలు వదులుకునేవారు ఎందరుంటారో చెప్పలేం.

తర్వాత గంటసేపు పాఠం జరిగింది. నడుము లోతు నీటిలో మోకాళ్ల మీద కూర్చోబెట్టి, సిలిండరు గాలిని నోటికి అందించే రెగ్యులేటర్‌తో ఊపిరి తీయడం, అది నోటి నుంచి జారిపోతే మళ్లీ పెట్టుకోవడం, మాస్కులోకి నీరు వస్తే ముక్కుతో ఊది బయటకు పంపడం నేర్పారు. మాస్కు అద్దం మీద ఆవిరి పట్టకుండా నీళ్లలో కలిపిన బేబీ షాంపూ రాశారు. అది లేనప్పుడు ఉమ్మి రాసినా అదే పని చేస్తుందట. రెండు సంజ్ఞలు గట్టిగా గుర్తుపెట్టుకోమన్నారు. బొటనవేలు పైకి చూపితే బాగుందని కాదు, నన్ను పైకి తీసుకెళ్లమని అర్థం. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుడితేనే బాగుందని. ఫొటోల కోసం బొటనవేలు ఎత్తడం అలవాటైన మా అబ్బాయి నీటిలో రెండుసార్లు ఆ పొరపాటు చేశాడు, రెండుసార్లూ అతన్ని నిజంగానే పైకి తీసుకొచ్చారు. మూడోసారి చేయి వెనక్కి పెట్టుకున్నాడు.

వీపుకు కట్టేదాన్ని మనలో చాలామంది ఆక్సిజన్ సిలిండర్ అంటారు. అందులో ఉండేది ఆక్సిజన్ కాదు, మనం ఇక్కడ పీల్చే గాలే. దాన్ని వడకట్టి, దాదాపు 200 బార్ ఒత్తిడితో కుక్కి నింపుతారు. పదకొండు లీటర్లు పట్టే ఆ అల్యూమినియం సిలిండరులో ఒడ్డు మీది లెక్కన రెండు వేల లీటర్లకు పైగా గాలి ఉంటుంది. శిక్షకుడు ప్రతి సిలిండరుకూ మీటరు చూపించి, మా ముందే ముక్కు దగ్గర కొద్దిగా వదిలి వాసన చూడమన్నాడు. ఏ వాసనా రాకపోవడమే మంచి గాలికి గుర్తు, నూనె వాసన వస్తే దాన్ని పక్కన పెట్టేయాలి. ఇలా అడిగి చూపించుకోవడం మన హక్కని కూడా అతనే చెప్పాడు. ఇక అన్నిటికన్నా ముఖ్యమైన నియమాన్ని మా చేత పైకి చెప్పించాడు: నీటిలో ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు. పది మీటర్ల దగ్గర గుండెల నిండా తీసుకున్న గాలిని బిగబట్టి పైకి వస్తే, ఒత్తిడి తగ్గేకొద్దీ అది రెట్టింపు అవుతుంది, ఊపిరితిత్తులు ఆ వ్యాకోచాన్ని తట్టుకోలేవు. ఈత రానివాడికి నీటిలో మొదట తోచేది ఊపిరి బిగబట్టడమే కాబట్టి ఆ మాట నాకు బాగా పనికొచ్చింది.

ఒక్కొక్కరికి ఒక్కొక్క శిక్షకుడు. మా వీపు మీది సిలిండరును అతను వెనుక నుంచి పట్టుకుని ఉంటాడు, జాకెట్‌లోకి గాలి నింపడం, వదలడం అంతా అతనే చూసుకుంటాడు. మనం చేయవలసింది ఊపిరి తీయడం, చెవులు సరిచేసుకోవడం, అంతే. మూడు మీటర్ల దగ్గర నా చెవి సూదితో గుచ్చినట్టు నొప్పి పెట్టింది. చెవి చూపించాను. అతను నన్ను ఒక మీటరు పైకి తెచ్చి, తొందర లేదన్నట్టు అరచేయి ఆడించి, నాలుగుసార్లు ప్రయత్నించేదాకా ఆగాడు. చెవిలో చిన్నగా 'టిక్' అని తెరుచుకున్నాకే మళ్లీ కిందికి తీసుకెళ్లాడు. నొప్పి ఉండగా కిందికి లాక్కెళ్లిన అనుభవాలు కొందరి నోట విన్నాను, ఇక్కడ అలా జరగలేదు.

కింద చూసినదాన్ని వర్ణిస్తూ పేజీలు నింపను గానీ రెండు సంగతులు చెప్పకుండా ఉండలేను. సింహాచలంలో కట్టించుకున్న ఎర్రదారం నా మణికట్టుకు ఉంది. తొమ్మిది మీటర్ల దగ్గర అనుకోకుండా చేతిని చూసుకుంటే అది నల్లగా కనిపించింది. నీరు మొదట ఎరుపునే మింగేస్తుందని, లోతుకు వెళ్లేకొద్దీ నీలమే మిగులుతుందని బడిలో చదివిన పాఠం అప్పటికి కళ్లకు కట్టింది. శిక్షకుడు టార్చి వేయగానే దారం మళ్లీ ఎర్రబడింది. అదే టార్చి వెలుగులో బూడిదరంగు రాయనుకున్నది కుంకుమరంగు పగడమని తెలిసింది. రెండోది ఒక శబ్దం. సముద్రం అడుగున నిశ్శబ్దంగా ఉంటుందనుకున్నాను. ఎవరో బెల్లం అచ్చు కొరుకుతున్నట్టు కరకరమని వినపడుతూనే ఉంది, ఏ వైపు నుంచో మాత్రం తెలియదు. నీటిలో ధ్వని గాలిలో కన్నా నాలుగు రెట్లకు పైగా వేగంగా వెళ్తుంది కాబట్టి రెండు చెవులకూ దాదాపు ఒకేసారి చేరి దిక్కు తెలియనివ్వదు. ఆ కొరికేది చిలుక చేప. రామచిలుక ముక్కులాంటి పళ్లతో పగడపు రాతిని గీకి తిని, ఇసుకగా విసర్జిస్తుంది. మనం బీచ్‌లో ముచ్చటపడి నడిచే తెల్లటి ఇసుకలో కొంత దాని కడుపులోంచి వచ్చిందే.

పువ్వులా కనిపించే ఎనిమోన్ అనే సముద్రజీవిలో కాపురముండే నారింజరంగు విదూషక చేపలను చూపించడం ఇక్కడ ప్రతి కేంద్రానికీ ఆనవాయితీ. ఆ చేపలన్నీ మొదట మగవేనని, గుంపులో పెద్దది మాత్రమే ఆడదిగా మారుతుందని, అది చనిపోతే తర్వాతి పెద్ద మగది ఆడదవుతుందని శిక్షకుడు తర్వాత చెబితే, మా ఆవిడ నా వైపు చూసి నవ్వింది.

ఇక ఫిర్యాదులు. మా అబ్బాయిని తీసుకెళ్లిన శిక్షకుడు, వయసులో చిన్నవాడు, అడుగున ఉన్న ఒక సముద్ర దోసకాయను చేత్తో పైకి తీసి వాడి అరచేతిలో పెట్టి ఫొటో తీశాడు. ఆ జీవులకు మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. చట్టం సంగతి అలా ఉంచినా, భయపడితే అవి పేగులను బయటకు కక్కేస్తాయి. దేన్నీ తాకవద్దని గంటసేపు మాకు పాఠం చెప్పి, తామే తాకడం ఏమిటని పైకి వచ్చాక అడిగాను. పెద్ద శిక్షకుడు క్షమాపణ చెప్పాడు. చిన్నతను మాత్రం, "అందరూ అడుగుతారు సార్" అన్నాడు. అడిగేవారిది కూడా తప్పే, నిజమే, కానీ కాదనవలసింది అతనే. రెండోది, నీటిలో నలభై నిమిషాలు ఉంచుతామని చెప్పి, నా గడియారం ప్రకారం ఇరవై ఏడు నిమిషాలే ఉంచారు. కంగారులో మొదటిసారి దిగినవారు గాలి ఎక్కువగా పీల్చేస్తారు కాబట్టి అది సహజమేనట. అయితే ఆ మాట ముందే చెప్పవచ్చు. వెట్‌సూట్లు ముందురోజువి పూర్తిగా ఆరలేదు. ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గది ఒక్కటే, దాని గడియ సరిగా పడదు. ఫొటోలు డబ్బులో కలిసే ఉన్నా సగం మసకగా వచ్చాయి. వీటన్నిటినీ లెక్కలోకి తీసుకుని అయిదుకు నాలుగు ఇస్తాను. సముద్ర దోసకాయ సంగతి లేకపోతే నాలుగున్నర ఇచ్చేవాణ్ణి.

ఆ నాలుగు కూడా ఎక్కువేమో అనుకునేవారికి, మర్నాడు ఎలిఫెంట్ బీచ్‌లో మాకు ఎదురైన స్నార్కెలింగ్ (మాస్కు, ఊపిరి గొట్టం పెట్టుకుని నీటిపైన తేలుతూ కిందికి చూడడం) సేవ గురించి చెప్పాలి. అక్కడికి హావ్‌లాక్ జెట్టీ నుంచి డుంగీ అనే చిన్న పడవలో అరగంట లోపే చేరుకోవచ్చు, అడవిలో నడిచి వెళ్లే దారి కూడా ఉంది. మనిషికి వెయ్యి రూపాయల టిక్కెట్టులో బోటు, స్నార్కెలింగ్ కలిపి ఇచ్చారు. ఆ స్నార్కెలింగ్ ఎలా ఉందంటే, రబ్బరు ట్యూబును నలుగురు పట్టుకోవాలి, ఒక కుర్రవాడు దాన్ని లాగుతూ ముందుకు ఈదుతాడు, పది నిమిషాలు కాగానే ఒడ్డుకు తెచ్చి తర్వాతి నలుగురిని తీసుకెళతాడు. నాకిచ్చిన మాస్కు రబ్బరు అంచు చిరిగి ఉండడంతో ఆ పది నిమిషాల్లో ఆరు నిమిషాలు నీళ్లు తోడుకోవడంతోనే సరిపోయింది. ఫారం లేదు, ఈత వచ్చా అన్న ప్రశ్న లేదు. ఇంకా దూరం వెళ్లాలంటే వేరే డబ్బు, ఫొటోలకు వేరే డబ్బు. వీటన్నిటికన్నా బాధ కలిగించింది మా ముందు వెళ్లిన గుంపు. అలిసిపోగానే కాళ్లు కిందికి దించి పగడాల మీదే నిలబడ్డారు. ఏడాదికి సెంటీమీటరో రెండో పెరిగే ప్రాణి అది. 2004 సునామీని, సముద్రం వేడెక్కి పెద్ద ఎత్తున తెల్లబారిపోయిన 2010 వేసవిని దాటుకుని మిగిలిన దాన్ని మనం చెప్పుల షాపులో బెంచీలా వాడుకుంటున్నాం.

మమ్మల్ని తిరిగి తీసుకొచ్చిన డుంగీ నడిపేతను మా మాటలు విని తెలుగులో పలకరించాడు. "మాది సోంపేట దగ్గరండి. తాతగారి కాలంలో చేపలవేటకని వచ్చీసినారు. నేనైతే ఆ ఊరు చూడ్నేలేదు" అన్నాడు. అండమాన్‌లో తెలుగు మాట వినపడడం విశేషమేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ సుమారు పదమూడు శాతం మందికి తెలుగే మాతృభాష, వారిలో చాలామంది మూలాలు శ్రీకాకుళం తీరంలో ఉన్నాయి. అతను చెప్పిన సలహా ఏ ట్రావెల్ ఏజెంటూ చెప్పనిది: "ఆటు వేళకి రాకండి బాబూ, నీరు తగ్గిపోద్ది, పగడం కాళ్లకి కోసీస్తది. పోటు మీద పొద్దున్న ఫస్టు బోటుకి రండి. మాస్కు మీరే కొనుక్కుని తెచ్చుకోండి." నేను ఇప్పుడు మీకు చెప్పేదీ అదే. మంచి మాస్కు, స్నార్కెల్ మన ఊళ్లోనే క్రీడా సామగ్రి దుకాణంలో కొని, ముఖానికి ఆనించి ముక్కుతో పీల్చినప్పుడు పట్టీ లేకుండానే అంటుకుని ఉంటుందో లేదో చూసుకోవాలి. మీసం ఉన్నవారికి అది కొంచెం కష్టం.

ఈ దీవులకు వెళ్లేవారు మరిచిపోకూడని విషయం ఇంకొకటి ఉంది. రాధానగర్ బీచ్ అందం గురించి అందరూ చెబుతారు. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోనే ఉత్తమమైన బీచ్‌గా దాన్ని ఎంచింది, 2020లో బీచ్‌ల శుభ్రత, భద్రత చూసి ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు కూడా వచ్చింది. అయితే అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. 2010లో ఆ బీచ్ సమీపంలోనే స్నార్కెలింగ్ చేస్తున్న ఒక అమెరికన్ పర్యాటకురాలు మొసలి దాడిలో మరణించారు. కనుక జీవరక్షకులు ఉండే చోటే, చెప్పిన హద్దులోనే దిగాలి. మడ అడవులు, కాలువ కలిసే మూలల వైపు, సంజవేళ వెళ్లకూడదు. మమ్మల్ని దింపిన కేంద్రం ఈ మాట అడగకుండానే చెప్పింది, ఎలిఫెంట్ బీచ్ ఏజెంటు అడిగినా చెప్పలేదు.

ప్రయాణం ఎలా అమర్చుకోవాలంటే, డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా నీరు తేటగా ఉంటుంది. జూన్ నుంచి వానలతో పాటు ఫెర్రీలు రద్దవుతుంటాయి. డైవ్ చేసిన వెంటనే విమానం ఎక్కకూడదు. ఒత్తిడిలో రక్తంలో కలిసిన నత్రజని మెల్లగా బయటకు పోవాలి, లేకపోతే పైకి వెళ్లినప్పుడు సోడా సీసా మూత తీసినట్టు బుడగలు కడుతుంది. ఒక్క డైవ్‌కు కనీసం పన్నెండు గంటలు, ఎక్కువ డైవ్‌లు చేస్తే పద్దెనిమిది గంటలు ఆగాలన్నది సాధారణ నియమం. మా కేంద్రం ఒక రోజంతా ఆగమంది. అందుకని డైవ్‌ను ప్రయాణంలో మొదటి రోజుల్లోనే పెట్టుకోవాలి. బుకింగ్ తీసుకునేముందే తిరుగు విమానం తేదీ అడిగారు, అదీ వారికి అనుకూలంగా చెప్పవలసిన మాటే.

మూడో రోజు మా బావమరిదిని మళ్లీ తీసుకెళ్లాం. రాత్రంతా ఆవిరి పట్టి, మిరియాల కషాయం తాగి, తగ్గిపోయిందన్న ధీమాతో వచ్చాడు. శిక్షకుడు ఒడ్డునే పరీక్ష చేయించాడు. ఎడమ చెవి అప్పటికీ తెరుచుకోలేదు. "బావా, ఒక్క మాట చెప్పి చూడు" అని నన్ను బతిమాలాడు గానీ నేను నోరు విప్పలేదు. ఆ సాయంత్రానికల్లా 4,500 రూపాయలూ ఒక్క పైసా కోత లేకుండా మావాడి ఖాతాలో పడ్డాయి. మర్నాడు నీల్ దీవికి వెళ్లినప్పుడు, భరత్‌పూర్ బీచ్‌లో నడుము లోతు నీటిలో లైఫ్ జాకెట్ వేసుకుని, జెట్టీ దగ్గర కొన్న ఆరువందల రూపాయల మాస్కుతో బోర్లా పడి తేలుతూ, నేను తొమ్మిది మీటర్ల లోతున చూడని ఎనిమిది కాళ్ల ఆక్టోపస్‌ను రాతి సందులో వాడే మొదట చూశాడు.